కార్ఖానా పోయింది... మరి నేల మాటేమిటి?

ఈ మధ్య ఒకరోజు తొమ్మిదో తరగతిలో మట్టి గురించి చెబుతున్నాను. ఇసుకనేలలో నీరు త్వరగా ఇంకుతుంది, బంకమట్టిలో నెమ్మదిగా ఇంకుతుంది అని చెప్పి, బోర్డు మీద బొమ్మ గీస్తున్నాను. వెనుక బెంచీలో కూర్చున్న అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, మా నాన్న పనిచేసే షెడ్డును కూలగొడతారట. ఆ స్థలంలో ఆఫీసులు, ఇళ్లు కడతారని అంటున్నారు. అక్కడి బోరు నీళ్లు పసుపుపచ్చగా వస్తాయని మా నాన్న ఎప్పుడూ తాగలేదు. రేపు ఆ ఇళ్లలోకి వచ్చేవాళ్లకు ఆ సంగతి ఎవరు చెబుతారు సార్?"

తరగతి అంతా నావైపు చూసింది. నేను సుద్దముక్క పక్కన పెట్టాను. ఆ ప్రశ్నకు రెండు మాటల్లో జవాబు చెప్పి కూర్చోబెట్టడం నాకు సాధ్యం కాలేదు. ఆ జవాబు కోసమే ఈ వ్యాసం. మీరు హైదరాబాదులో వున్నా, వరంగల్లో వున్నా, విజయవాడలో వున్నా ఇది మీకూ పనికివస్తుంది. ఎందుకంటే, పెరుగుతున్న ప్రతి వూరిలోనూ ఏదో ఒకనాడు ఈ ప్రశ్న వస్తుంది.

ఊరి బయట నుంచి ఊరి నడుమకు

హైదరాబాదు మెట్రో రైలులో తార్నాక దాటి తూర్పుగా వెళితే హబ్సిగూడ, ఎన్.జి.ఆర్.ఐ., స్టేడియం, ఉప్పల్, నాగోల్ స్టేషన్లు వరసగా వస్తాయి. హబ్సిగూడ చౌరస్తా నుంచి ఎడమవైపు రోడ్డు పట్టుకుంటే నాచారం చేరతాం. ఇప్పుడు ఇదంతా కిటకిటలాడే నగరం. కాని యాభై అరవై ఏళ్ల కిందట ఇది ఊరి పొలిమేర. పొలాలు, చెరువులు, రాతిగుట్టలు. భూమి చౌక. పక్కనే వరంగల్ రహదారి, కొద్ది దూరంలో మౌలాలి రైలు మార్గం. సరకు తేవడానికి, పంపడానికి అనువైన చోటు.

అందుకే ఇక్కడికి రెండు రకాల సంస్థలు వచ్చాయి. ఒకటి, పరిశోధనశాలలు. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో ఏర్పడింది. సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ కేంద్రం 1967లో ఉప్పల్ లో వెలసింది. కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, అంటే మనం సి.సి.ఎం.బి. అని పిలిచేది, 1977లో పుట్టింది. రెండోది, పారిశ్రామికవాడలు. చిన్న చిన్న ప్లాట్లుగా విభజించి, రోడ్లు వేసి, కరెంటు ఇచ్చి పరిశ్రమలు పెట్టేవారికి కేటాయించారు. లేతు మిషన్లు, ఫౌండ్రీలు, రంగులు, మందులు, రసాయనాలు, ప్లాస్టిక్కులు, లోహాలకు పూత పూసే షాపులు – ఇలా ఎన్నో.

ఆ రోజుల్లో నగరాలను రూపొందించేవారు ఒక సూత్రాన్ని పాటించారు: ఇళ్లు ఒకచోట, కర్మాగారాలు మరొకచోట, అంగళ్లు ఇంకొకచోట. దీనినే మండలాల విభజన అంటారు. ఇది మంచి ఉద్దేశంతో వచ్చినదే. పొగగొట్టం పక్కన పిల్లల బడి వుండకూడదు కదా! కాని నగరం ఆగదు. అది పెరిగి పెరిగి పొలిమేరను మింగేసింది. బయట వుండవలసిన కర్మాగారాలు ఇళ్ల నడుమ పడ్డాయి.

కొత్త ఆలోచన

మరొక మార్పు కూడా వచ్చింది. గత పాతికేళ్లలో కంప్యూటర్ పరిశ్రమ నగరానికి పడమటి దిక్కున మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో పెరిగింది. ఉప్పల్ లో ఇల్లు, రాయదుర్గంలో ఉద్యోగం అయినవారు రోజూ నగరాన్ని ఒక కొసనుంచి మరొక కొసకు దాటాలి. పోవడానికి పాతిక కిలోమీటర్లకు పైన, రావడానికి అంతే.

అందుకని 2020 చివరలో తెలంగాణ ప్రభుత్వం ఒక విధానం ప్రకటించింది. దాని పేరును కుదించి 'గ్రిడ్' అన్నారు. అభివృద్ధిని నగరమంతటా చెదరగొట్టి పెంచడం దాని భావం. ఉప్పల్, నాచారం, మౌలాలి వంటి పాత పారిశ్రామికవాడలలో స్థలం వున్నవారు కోరుకుంటే దానిని ఐ.టి. పార్కుగా మార్చుకోవచ్చు. కట్టిన దానిలో సగం ఐ.టి. కార్యాలయాలకు, మిగతా సగం ఇళ్లకు, దుకాణాలకు, ఇతర అవసరాలకు. ఆ తరువాత 2025 నవంబరులో మరొక విధానం వచ్చింది. హైదరాబాదులోనూ చుట్టుపక్కలా వున్న పాత పారిశ్రామికవాడల భూములను, మొత్తం సుమారు 9,300 ఎకరాలను, రుసుము కట్టి బహుళ వినియోగానికి మార్చుకోవచ్చని అది చెప్పింది. ఇంత విలువైన భూమిని ఇలా మార్చడం న్యాయమా కాదా అని పెద్ద చర్చే జరిగింది. ఆ చర్చ పెద్దలది. మనం సైన్సు వైపు నుంచి చూద్దాం.

బహుళ వినియోగం అంటే ఏమిటి? ఒకేచోట పని, ఇల్లు, అంగడి, బడి, ఆసుపత్రి వుండటం. దీనివల్ల లాభం వుందా? వుంది. ఒక చిన్న లెక్క చేద్దాం.

ఒక కార్యాలయానికి పగలు 400 కిలోవాట్లు, రాత్రి 100 కిలోవాట్లు కరెంటు కావాలనుకోండి. పక్కనున్న ఇళ్లకు పగలు 150, రాత్రి 400 కావాలనుకోండి. రెండూ వేరువేరు ప్రాంతాలలో వుంటే ఒక్కొక్కదానికి 400 చొప్పున మొత్తం 800 కిలోవాట్లకు ఏర్పాటు చెయ్యాలి. ఒకేచోట వుంటే? పగలు 400, 150 కలిపి 550. రాత్రి 100, 400 కలిపి 500. అంటే 550 కిలోవాట్లకు ఏర్పాటు చేస్తే సరిపోతుంది. వాహనాలు నిలిపే చోటుకూ ఇదే లెక్క. పగలు ఉద్యోగుల బండ్లు వున్న చోటే రాత్రి ఇంటివారి బండ్లు వుండవచ్చు.

ఇక నడక. మనిషి గంటకు 5 కిలోమీటర్లు నడుస్తాడు. అంటే 5 నిమిషాలలో 400 మీటర్ల పైచిలుకు. ఇంటికి ఆ దూరంలో అంగడి, బడి, రైలు స్టేషను వుంటే బండి తాళం తీయవలసిన పనే లేదు.

స్పెయిన్ దేశంలోని బార్సిలోనా నగరం ఇటువంటి పని చేసింది. అక్కడ పోబ్లెనౌ అనే పేట వుంది. పందొమ్మిదో శతాబ్దంలో అది బట్టల మిల్లులకు పేరుపొందింది. తరువాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నగర పటంలో ఆ పారిశ్రామిక మండలానికి '22ఎ' అని గుర్తు. 2000 సంవత్సరంలో సుమారు 200 హెక్టార్ల ఆ ప్రాంతాన్ని కొత్త సాంకేతిక పరిశ్రమలు, ఇళ్లు, విశ్వవిద్యాలయాలు కలిసి వుండేలా మార్చాలని నిర్ణయించి, కంప్యూటర్ చిరునామాలలో వాడే గుర్తును చేర్చి దానికి '22@' అని పేరు పెట్టారు. కొన్ని పాత పొగగొట్టాలను జ్ఞాపకార్థం కూల్చకుండా వుంచారు. అయితే అక్కడ కూడా పాత కార్ఖానాలలో పనిచేసుకునేవారు, నివాసులు మా సంగతేమిటని అడిగారు. పోరాడారు. మార్పు ఎక్కడైనా అందరికీ ఒకేలా మేలు చెయ్యదు.

నేల మరిచిపోదు

సరే, ఇప్పుడు మన అమ్మాయి ప్రశ్నకు వద్దాం. షెడ్డు కూల్చవచ్చు. మిషన్లు తీసుకుపోవచ్చు. నలభై ఏళ్లపాటు నేలలో ఇంకినదాన్ని తీసుకుపోగలమా?

ఇనుప వస్తువులు తళతళ మెరవడానికి క్రోమియం పూత పూస్తారు. ఆ తొట్టిలో క్రోమియం ఒక ప్రత్యేక రూపంలో వుంటుంది. దానిని ఆరు సంయోజకత గల క్రోమియం అంటారు. ఇది పసుపుపచ్చగా వుంటుంది, నీటిలో ఇట్టే కరుగుతుంది, విషపూరితం, కాన్సరు కలిగిస్తుంది. మూడు సంయోజకత గల క్రోమియం అలా కాదు. అది మట్టికి అంటుకొని ఎక్కువగా కదలదు, హాని కూడా చాలా తక్కువ. చూశారా! మూలకం ఒక్కటే. మూడు ఎలక్ట్రాన్ల తేడా ఇంత పని చేస్తుంది.

అలాగే బాటరీల నుంచి సీసం. అది మెదడు ఎదిగే వయసులో వున్న పిల్లలకు ముఖ్యంగా ప్రమాదం. లోహపు భాగాల మీది జిడ్డు కడగడానికి వాడే ట్రైక్లోరో ఇథిలీన్ వంటి ద్రావణాలు మరో రకం. ఇవి నీటికంటె బరువు. కాబట్టి భూగర్భజలం మీద తేలవు, దాని అడుగుకు దిగిపోతాయి. తాగే నీటిలో క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాముకు, సీసం 0.01 మిల్లీగ్రాముకు మించకూడదని మన దేశపు ప్రమాణాలు చెబుతున్నాయి. 0.01 మిల్లీగ్రాము అంటే ఎంతో తెలుసా? ఒక గ్రాము సీసాన్ని కలిపితే లక్ష లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చవచ్చు!

హైదరాబాదు కింద ఏముంది? నల్లరేగడి కాదు, ఇసుక కాదు. సుమారు 250 కోట్ల సంవత్సరాల వయసుగల గ్రానైటు శిల. పైన కొన్ని మీటర్లు ఆ శిలే చివికి మొరంగా మారింది. నీరు ఆ మొరంలోనూ, కింద రాతి పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది. ఇసుకనేలలో అయితే కాలుష్యం ఎటు పోతుందో కొంతవరకు ఊహించవచ్చు. పగుళ్ల రాతిలో అది కష్టం. పది గజాల దూరంలోని బోరు శుభ్రంగా వుండి, అర కిలోమీటరు అవతలి బోరు చెడిపోవచ్చు. పగులు ఎటు వుంటే నీరు అటు పోతుంది. అందుకని 'మా పక్క బోరు బాగానే వుంది' అనే మాట శాస్త్రం దృష్టిలో సాక్ష్యం కాదు.

ఒక కాలువ కథ

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. అమెరికాలో నయాగరా జలపాతం వున్న ఊరిలో లవ్ అనే వ్యక్తి తవ్వడం మొదలుపెట్టి వదిలేసిన కాలువ ఒకటి వుంది. 1942 నుంచి 1953 వరకు ఒక రసాయన కంపెనీ ఆ గుంటలో సుమారు 20 వేల టన్నుల రసాయన వ్యర్థాలను పూడ్చింది. పైన మట్టి కప్పి, 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు బడుల సంఘానికి ఇచ్చేసింది. అక్కడ బడి కట్టారు. చుట్టూ ఇళ్లు లేచాయి.

అడుగున రసాయనాలు వున్నాయని దస్తావేజులో రాసే వుంది! కాని ఆ కాగితం బీరువాలో వుంది. ఇళ్లు కొన్నవారికి తెలియదు. వానలకు రసాయనాలు ఇళ్ల నేలమాళిగల్లోకి వూరాయి. జబ్బులు పెరిగాయి. ఆ బడిలో చదివే ఒక పిల్లవాడి తల్లి లోయిస్ గిబ్స్ ఇంటింటికీ తిరిగి, ఎవరికి ఏ జబ్బు వచ్చిందో అడిగి పటం మీద గుర్తులు పెట్టింది. ఆమె శాస్త్రవేత్త కాదు, గృహిణి. ఆ గుర్తులను చూస్తే చాలా భాగం ఎప్పుడో పూడిపోయిన పాత వాగుల దారి వెంబడి వున్నట్లు కనిపించింది! 1978లో అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించి, మొదట 200కు పైగా కుటుంబాలను ఖాళీ చేయించారు. 1980లో అమెరికా ఇటువంటి స్థలాలను శుభ్రపరిచే చట్టం తెచ్చింది.

ఈ కథలో లోపం ఎక్కడుంది? రసాయనశాస్త్రంలో కాదు. తెలిసినవారికీ తెలియవలసినవారికీ మధ్య దారి తెగిపోవడంలో వుంది. మన అమ్మాయి అడిగింది సరిగ్గా అదే.

శుభ్రం చెయ్యగలమా?

చెయ్యగలం. కాని ముందు పరీక్ష, తరువాత పునాది. ఇదీ వరస. స్థలాన్ని గళ్లుగా విభజించి, ప్రతి గడిలోనూ వేరువేరు లోతులలో మట్టి తీసి పరీక్షించాలి. బోరునీరు వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి చూడాలి. చెడిన మట్టి కొద్దిగా వుంటే తవ్వి తీసి భద్రమైన చోట పెట్టవచ్చు. నీరు చెడితే తోడి శుభ్రం చెయ్యవచ్చు. కొన్ని సూక్ష్మజీవులు ద్రావణాలను విరగ్గొడతాయి. ఇనుప రజను ఆరు సంయోజకత క్రోమియాన్ని మూడుకు దించుతుంది. అంటే మీరు పుస్తకంలో చదివే ఆక్సీకరణ క్షయకరణ చర్యే. కొన్ని రకాల ఫెర్న్ మొక్కలు ఆర్సెనిక్ ను నేలలోంచి పీల్చుకుంటాయి.

మన దేశంలో కూడా 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం కాలుష్యానికి గురైన స్థలాల నిర్వహణకు ప్రత్యేక నియమాలు ప్రకటించింది. అటువంటి స్థలాలను గుర్తించడం, పరీక్షించడం, శుభ్రం చేయించడం, ఆ ఖర్చును కారకుల నుంచి రాబట్టడం వాటి ఉద్దేశం. నియమం వుంది. ఇక అడిగేవారు వుండాలి.

నీటి సంగతి కూడా మరువరాదు. ఒక ఎకరం మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే సుమారు 40 వేల లీటర్ల నీరు. మట్టినేల అయితే అందులో కొంత ఇంకుతుంది. కాంక్రీటు అయితే దాదాపు అంతా నాలాలోకి పోతుంది. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ పక్కన ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన కురిసింది. ఉప్పల్ చుట్టుపక్కల రామంతాపూర్, హబ్సిగూడ కాలనీలు నీట మునిగాయి. చెరువులకు, నాలాలకు చోటు వదలకుండా కడితే నీరు మన ఇంట్లో చోటు వెతుక్కుంటుంది.

కొత్తగా వచ్చే జనానికీ ఇదే లెక్క వెయ్యండి. వెయ్యి ఇళ్లు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు: మొత్తం 5 లక్షల 40 వేల లీటర్లు. అందులో సుమారు 80 శాతం మురుగునీరుగా తిరిగి వస్తుంది. అది పోయే గొట్టం నలభై ఏళ్ల కిందట షెడ్ల కోసం వేసినదే అయితే ఏమవుతుందో మీరే ఊహించండి.

మీరు చేసి చూడండి

ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా అడుగు కోసి, తలకిందులుగా నిలబెట్టండి. మూతి దగ్గర దూది పెట్టి, పైన తోటలోని శుభ్రమైన ఇసుక నాలుగు వేళ్ల మందం పొయ్యండి. రెండు చుక్కల సిరా వెయ్యండి. ఇప్పుడు ఒక్కొక్క గ్లాసు మంచినీరు పోస్తూ కింద పట్టండి. ఎన్ని గ్లాసులకు రంగు పోయిందో లెక్కపెట్టండి. ఇసుకకు బదులు ఇసుక, బంకమట్టి కలిపి మళ్లీ చెయ్యండి. సిరా వేసింది ఒక్కసారే. రంగు ఎన్నిసార్లు వచ్చిందో రాసుకోండి. నేలకు జ్ఞాపకం వుంటుందంటే అర్థం అదే. కార్ఖానా ఆవరణలోని మట్టిని మాత్రం ముట్టుకోవద్దు. ఆ పని నిపుణులది.

రెండో ప్రయోగానికి నోటుపుస్తకం, పెన్సిలు చాలు. మీ పేటలో పాత కార్ఖానాలు ఎక్కడెక్కడ వుండేవి? ఏం తయారుచేసేవారు? నీళ్లు ఎటు వదిలేవారు? ఏ బావి ఎప్పుడు చెడింది? ఏ కుంట పూడింది? మీ తాతయ్యలను, నాయనమ్మలను, అక్కడ పనిచేసి మానినవారిని అడిగి పటం మీద గుర్తించండి. పరీక్ష చేసే నిపుణుడికి ఎక్కడ తవ్వాలో చెప్పేది అటువంటి పటమే.

మా తరగతి ఆ పని మొదలుపెట్టింది. మొదటి గుర్తు ఆ అమ్మాయే పెట్టింది. వాళ్ల నాన్న వేలు పెట్టి చూపించాడట: షెడ్డు వెనక, పాత వేపచెట్టు పక్కన, తొట్టి కడిగిన నీళ్లు పోసే గుంట. అది ఏ దస్తావేజులోనూ వుండదు. ఆయన జ్ఞాపకంలో వుంది. ఇప్పుడు మా పటం మీద కూడా వుంది.

ఆమె మరొక ప్రశ్న కూడా అడిగింది. "షెడ్డు ఊరి బయటకు పోతే మా నాన్న పని ఏమవుతుంది సార్?" దానికి సూత్రం నా దగ్గర లేదు. లేతు మీద వెంట్రుకవాసి తేడా పట్టుకోగల చేతికి కొత్త జిల్లాలో చోటు వుండాలని, లేకపోతే పని వున్న చోటికి చేర్చే బస్సయినా వుండాలని మాత్రం చెప్పాను. అన్నీ కలిసి వుండటమే బహుళ వినియోగం అయితే, ఆ 'అన్నీ'లో ఆమె నాన్న కూడా వుండాలి కదా. పటం పూర్తయ్యాక, స్థలాల సంగతి చూసే అధికారులకు తరగతి తరఫున ఒక ఉత్తరం రాయబోతున్నాం. ఆ రెండు ప్రశ్నలూ అందులో వుంటాయి. మొదటి సంతకం ఆమెది.